గంజాయికి లైసెన్సా? ముందు కల్లుసీసాకు జవాబు చెప్పుడు

గంజాయిని చట్టసమ్మతము చేయవలయునా, కూడదా యను ప్రశ్న కొంతకాలముగా మన పట్టణములలో చదువుకొన్నవారి నోళ్ల నానుచున్నది. కెనడా తలుపు తెఱచినది, జర్మనీ గడియ సడలించినది, మన మొక్కరమే యేల బిగదీసికొని కూర్చుండవలయునని కొందఱందురు. ఆ మాట వినబడినంతనే లోకము మునిగిపోయినదని మఱికొందఱు చెవులు మూసికొందురు. ఇరుపక్షముల వాదములును దూరదేశముల పేళ్లతో మొదలై దూరదేశముల పేళ్లతోనే ముగియుచున్నవి. మత్తుపదార్థమునకు సర్కారు ముద్ర వేసి అమ్మించినచో పేదవాని గతి యేమగునో తెలిసికొనుటకు నిజామాబాదు వాస్తవ్యులు సముద్రములు దాటనక్కఱలేదు. తమ వీధిచివర నున్న కల్లుడిపో వఱకు నడచిన చాలును.

మా యభిప్రాయమును దాపఱికము లేక మొదటనే చెప్పుచున్నాము. గంజాయి త్రాగిన దోషమునకు మనుష్యుని చెఱసాలకు పంపుట అన్యాయము. గంజాయికి దుకాణము తెఱచుట అంతకు మించిన అన్యాయము. లైసెన్సు పొందిన కల్లుసీసాలో ఏమున్నదో పూచీపడలేని ప్రభుత్వమునకు గంజాయి పొట్లముపై ముద్ర వేయు నర్హత లేదు. ఈ మాటను ఋజువుపఱచుటయే నేటి మా పని.

ముందుగా ఎదుటిపక్షమువారి వాదమును దాని పూర్ణబలముతో వినుట న్యాయము. గంజాయి మన దేశమునకు క్రొత్తది కాదు. బైరాగుల చిలుములలోను, పండుగనాటి భంగులోను అది తరతరములుగా నున్నది. 1893లో బ్రిటిషు ప్రభుత్వము డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఒక విచారణసంఘమును నియమించెను. ఆ సంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటముల నివేదికను సమర్పించెను. మితముగా వాడినవారికి చెప్పుకొనదగిన హాని కానరాలేదనియు, అమితముగా వాడిన హాని కలదనియు, సంపూర్ణనిషేధము అవసరమును కాదు, ఉచితమును కాదనియు, పన్ను వేసి లైసెన్సులతో అదుపులో నుంచుటయే మేలనియు ఆ సంఘము తేల్చెను. దేశమంతటికిని వర్తించు గట్టి నిషేధము ఆ తరువాత తొంబదియేండ్లకు గాని రాలేదు. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికకు కట్టుబడి, 1985లో పార్లమెంటు చేసిన మాదకద్రవ్యముల చట్టముతో అది వచ్చినది. ఆ చట్టము గంజాయి పూతను నిషేధించి, ఆకును విడిచిపెట్టినది. ఆ సందు చూచుకొనియే నేటికిని ఉత్తరదేశమున కొన్నిచోట్ల భంగు దుకాణములు సర్కారు లైసెన్సుతో నడచుచున్నవి. మొక్క యొక్కటే, ఆకునకు లైసెన్సు, పూతకు సంకెల!

అంతియే కాదు. 2013లో ఉరుగ్వే, 2018 అక్టోబరులో కెనడా గంజాయి అమ్మకమును చట్టసమ్మతము చేసినవి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యముల సంఘము, మిక్కిలి ప్రమాదకరములని ఎంచబడిన పదార్థముల పట్టికనుండి గంజాయిని 27 వోట్లకు 25 వోట్ల తేడాతో తొలగించినప్పుడు, భారతదేశమును ఆ తొలగింపునకే వోటు వేసినది. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ వారు జరిపి 2019లో ప్రకటించిన లెక్కల ప్రకారము, మన దేశమున మద్యము త్రాగువారు సుమారు 16 కోట్లు. భంగు, గంజాయి, చరసులలో ఏదో ఒకటి వాడువారు సుమారు 3 కోట్లు. మద్యమునకు వీధివీధిని దుకాణములు పెట్టించి, గంజాయికి బేడీలు వేయుట ఏ తర్కమని వారడుగుదురు. ఈ ప్రశ్న బలమైనదే. దీనిని వెక్కిరించి త్రోసివేయువారు తమకే బలము లేదని ఒప్పుకొనుచున్నారు.

ఇక నేటి చట్టము చేయుచున్న పని యేమో చూతము. గంజాయి కిలో వఱకు ‘స్వల్పపరిమాణము’. అది దొరికినవానికి ఏడాది వఱకు కఠినఖైదు గాని, పదివేల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇరువది కిలోలు మించిన ‘వాణిజ్యపరిమాణము’. దానికి పదియేండ్లకు తగ్గని, ఇరువదియేండ్లకు మించని ఖైదు. దగ్గఱ ఏమియు లేకున్నను త్రాగినందులకే 27వ సెక్షను క్రింద ఆఱునెలల వఱకు శిక్ష కలదు. వ్యసనపరుడు తానై చికిత్సకు వచ్చినచో అభియోగమునుండి విడుదల కలదని 64-ఏ సెక్షను చెప్పుచున్నది. చికిత్స చేయు స్థలమే దగ్గఱలో లేనివానికి ఆ సెక్షను గోడమీద బొమ్మ.

ఈ వలలో పడువారెవరు? ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వైపునుండి మంచిర్యాల, జగిత్యాల, ఆర్మూరు, నిజామాబాదు, బోధనుల మీదుగా మహారాష్ట్రమునకు పోవు 63వ నంబరు జాతీయ రహదారి మన యూళ్ల గుండ పోవుచున్నది. హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు 44వ నంబరు రహదారి మన ఆర్మూరు, కామారెడ్డిల మీదుగా పోవుచున్నది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలలో పండిన సరకు మహారాష్ట్రమునకు చేరవలయునన్న ఈ దారులే దగ్గఱ. పట్టుబడువాడు లారీ నడుపు కూలివాడు, జేబులో పొట్లము పెట్టుకొన్న విద్యార్థి, కొండపై మొక్క నాటిన గిరిజనుడు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపమున పోలీసువారు రెండులక్షల కిలోలకు పైగా గంజాయిని ఒక్కచోట కుప్పవేసి కాల్చిరి. ఆ పొగను దేశమంతయు చూచినది. ఆ సరకునకు పెట్టుబడి పెట్టినవారిని మాత్రము ఎవ్వరును చూడలేదు. కొండవానికి వేఱొక పంట చూపక, ఆ పంటకు ధర చూపక, వాని చేను నఱకి పోయినచో, మఱుసటి కారునకు వాడే మొక్క మఱియొక లోయలో నాటును.

ఇంతవఱకు మేము గంజాయి పక్షమువారితో నడచితిమి. ఇక్కడ దారి చీలుచున్నది. చట్టము చెడ్డదైనందున దుకాణము మంచిది కాజాలదు. ఆ సంగతి చెప్పగలిగిన సాక్షి మన జిల్లాయే.

కల్లు మన యొద్ద చట్టసమ్మతమైన మత్తు. 1316 ఫసలీ నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టము మొదలుకొని నేటి ఎక్సైజు చట్టము వఱకు దానికి చెట్టులెక్క, లైసెన్సు, తనిఖీ అన్నియు కలవు. గీతకార్మికుల సంఘములకు హక్కు కలదు. ఎక్సైజు ఠాణాలు కలవు. గంజాయిని చట్టసమ్మతము చేయవలయుననువారు కోరు కట్టుబాట్లలో కాగితముపై లేనిది దాదాపు లేదు. మఱి సీసాలో ఏమున్నది?

తాటిచెట్టు, ఈతచెట్టు సర్కారు చెప్పినంత కల్లు ఈయవు. ఋతువు చెప్పినంతయే ఇచ్చును. తెల్లవాఱి దించిన కల్లు సాయంకాలమునకు పులిసిపోవును. చెట్లు తఱిగినవి. త్రాగువారు తఱుగలేదు. చెట్టు ఈయలేని దానిని నీళ్లతో నింపవలయును. నీళ్లకు తీపి కావలయును, అందులకు సాకరీను. నీళ్లకు మత్తు కావలయును, అందులకు క్లోరల్ హైడ్రేటు, డయాజెపాం, నేడు ముఖ్యముగా అల్ప్రజోలాం. ఇది గుట్టు కాదు. మన జిల్లాలో పసిపిల్లవానికి తెలిసిన సంగతి. గీతకార్మికుడు ప్రాణములకు తెగించి చెట్టెక్కి దించిన కల్లు వేఱు. ముస్తేదారు డిపోలో కలిపించి ఊరూరికి పంపు సీసా వేఱు. రెంటికిని పేరొక్కటే, లైసెన్సొక్కటే. ఆ యొక్క పేరు చాటుననే విషము బజారున కూర్చున్నది.

అల్ప్రజోలాం అనగా ఏమో చదువరులు స్పష్టముగా ఎఱుంగవలయును. గుండెదడకు, కలవరమునకు, నిద్రలేమికి వైద్యుడు వ్రాయు మాత్ర అది. ఆ మాత్రలో నుండునది పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో. అనగా ఒక గ్రాము పొడి రెండువేల అర మిల్లీగ్రాము మాత్రలకు సమానము. గంజాయి మూటకు లారీ కావలయును, దాని వాసన దాగదు. ఈ పొడికి చొక్కాజేబు చాలును, దీనికి వాసన లేదు. 1985 నాటి చట్టము క్రింద గంజాయికి వాణిజ్యపరిమాణము 20 కిలోలు. అల్ప్రజోలాముకు 100 గ్రాములు. ఆ చట్టము తన త్రాసుతో తానే తూచిన లెక్కలో, తూకమునకు తూకము ఈ పొడి గంజాయికి రెండువందల రెట్లు. ఇరువది కిలోల గంజాయి మోసినవాడు పదియేండ్లు చెఱలో నుండుచున్నాడు. వంద గ్రాముల పొడి మాత్రము లైసెన్సు పలక వ్రేలాడు దుకాణమునకు నడచి వచ్చి, సీసాలలో కరగి, కూలివాని కడుపులోనికి పోవుచున్నది.

దీని ఫలమును మన మెన్ని మారులు చూడలేదు? 2015 సెప్టెంబరులో ఎక్సైజువారు ఒక్కసారి కల్తీపై దండెత్తిరి. మందు కలియని కల్లు త్రాగినవారు, కల్లే దొరకనివారు నిజామాబాదు, మహబూబునగరు, మెదకు జిల్లాలలో వందలుగా ఆస్పత్రుల పాలైరి. చేతులు వణకి, మూర్ఛలు వచ్చి, మతి చలించి, ఒంటరిగా మాటలాడుకొనుచు, కట్టివేయవలసినంత ఉద్రేకమున పడిరి. కొందఱు ప్రాణములు గోల్పోయిరి. 2020 మార్చి, ఏప్రిలు మాసములలో కరోనా కట్టడి వలన దుకాణములు మూతపడగా అదే దృశ్యము మరల వచ్చినది. హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసికవైద్యశాల నిండిపోయినది. 2025 ఏప్రిలులో బాన్సువాడ ప్రాంతమున నస్రుల్లాబాదు మండలమందు కల్తీ కల్లు త్రాగి పదులకొలది జనము ఆస్పత్రిలో చేరిరి. 2004లో మూయించి 2014లో మరల తెఱిపించిన హైదరాబాదు దుకాణముల సంగతి వేఱు కాదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణములు తీసినది. ఇవన్నియు లైసెన్సు లేని చీకటికొట్టులలో జరిగినవి కావని గుర్తుంచుకొనుడు.

గంజాయి పక్షమువారిట్లు చెప్పవచ్చును: “మీరు చూపినది లైసెన్సు దోషము కాదు, కల్తీ దోషము. అల్ప్రజోలాం అమ్మకము నేరమే గదా! నేరమైనను ఆగలేదు. నిషేధము పనిచేయదనుటకు ఇదియే సాక్ష్యము కాదా?” మంచి ప్రశ్న. కాని ఆ నేరమునకు బజారు నిచ్చినదెవరు? అల్ప్రజోలాం పొడి తనంతట తాను ఊరూర దుకాణము పెట్టుకొనలేదు. సీసాలు, బండ్లు, బల్లలు, నమ్మి వచ్చు గిరాకి, మామూలు పుచ్చుకొను తనిఖీ, ఇవన్నియు దానికి లైసెన్సు సమకూర్చి పెట్టినవి. నిషేధింపబడిన వస్తువు దొంగదారిన ఇంటింటికి తిరుగును. లైసెన్సు చాటున దాగిన వస్తువు నడిబజారున పీట వేసికొని కూర్చుండును. లైసెన్సు కొనువానికి అభయమిచ్చును. ఆ యభయము అబద్ధమైననాడు అది నిషేధముకంటె ప్రమాదకరము.

“కెనడాలో ప్రతి పొట్లమును పరీక్షించి, అందలి మత్తుపాలు ఎంతో ముద్రించి అమ్ముచున్నారు, మనమును అట్లే చేయవచ్చును” అందురు. చేయవచ్చును. చేసి చూపుడు! కల్లుసీసాతోనే మొదలుపెట్టుడు. ఎండలో నిలబడి నేటి కూలి నేడే త్రాగివేయు మనిషి చేతిలోని సీసాకు ఆ మర్యాద ముందు జరుగనిండు. పరీక్షాశాల లేనిచోట ముద్ర వేయుట ఎట్లుండునో థాయిలాండు చూపినది. 2022 జూన్‌లో ఆ దేశము గంజాయిని నిషిద్ధపదార్థముల పట్టికనుండి తీసివేసినది. అదుపు చేయు చట్టము వెనుక వచ్చునన్నారు. చట్టము రాకముందే వేలకొలది దుకాణములు వచ్చినవి. చట్టము మాత్రము రాలేదు. మూడేండ్లకు, 2025 జూన్‌లో, వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని ఉత్తరువు చేసి వెనుకకు నడువవలసి వచ్చినది. తెఱచుట ఒక దినము పని. మూయుట ఒక తరము పని.

ఇక రాబడి మాట. గంజాయిపై పన్ను వేసినచో ఖజానా నిండును, ఆ సొమ్ముతో బడులు, ఆస్పత్రులు కట్టవచ్చునను వాదము తియ్యగా నుండును. ఈ తీపి మనకు క్రొత్తది కాదు. నిజాము కాలమున ఆబ్కారీ రాబడి సర్కారునకు పెద్ద ఆధారము. 1894 నాటి విచారణసంఘమును నియమించిన ప్రభుత్వమును గంజాయి పన్ను తినుచుండినదే. స్వరాజ్యము వచ్చినను ఆ అలవాటు పోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరులో సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చినది. 1997లో ఖజానా ఖాళీ యయ్యెనని దానిని ఎత్తివేసిరి. 2023లో మన తెలంగాణ ప్రభుత్వము 2,620 మద్యపు దుకాణములకు దరఖాస్తులు పిలువగా, తిరిగి ఈయబడని రుసుము దరఖాస్తు నొక్కింటికి రెండులక్షల చొప్పున 1,31,000కు పైగా దరఖాస్తులు వచ్చినవి. దుకాణము తెఱువకముందే సర్కారునకు 2,600 కోట్ల రూపాయలకు పైగా చేరినవి. మత్తుపై బ్రతుకు ప్రభుత్వము త్రాగువానివలెనే ప్రతి యేడు కొంచెము ఎక్కువ కోరును. అట్టి సర్కారు చేతికి మఱియొక సీసా అందింతుమా?

ఇప్పుడు నిషేధపక్షమువారితో రెండు మాటలు. కఠినశిక్షలే మందనువారు 2015 సెప్టెంబరును తలచుకొనవలయును. అల్ప్రజోలాముకు అలవాటుపడిన శరీరమునకు అది యొక్కసారి ఆగినచో మూర్ఛలు వచ్చును, ప్రాణము పోవచ్చును. వైద్యుని పర్యవేక్షణలో క్రమక్రమముగా తగ్గించుటయే దారి. దుకాణముపై దాడి చేసి, త్రాగువానికి మంచము చూపని సర్కారు వ్యాధిని కొట్టబోయి రోగిని కొట్టినది. గంజాయి మానినవానికి నిద్ర పట్టదు, చిరాకు కలుగును, ఆకలి మందగించును. సామాన్యముగా ప్రాణాపాయము లేదు. అట్లని అది నిర్దోషమని మేము చెప్పము. పెరుగు వయస్సున మొదలుపెట్టిన పిల్లలకు జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతినును. కొందఱికి మతిభ్రమణము కలుగును. వాడువారిలో సుమారు పదింట ఒకరు వ్యసనమున చిక్కుదురనియు, చిన్ననాడే మొదలిడిన ఆఱింట ఒకరనియు వైద్యుల అంచనా. దేశమున గంజాయి వ్యసనమునకు చికిత్స కావలసినవారు సుమారు 72 లక్షలని పైన చెప్పిన 2019 లెక్కలే తెలిపినవి. ఆ 72 లక్షలమందికి కావలసినది వైద్యుడు. వారికి మనము చూపుచున్నది జైలరు.

పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు పొట్లముతో దొరికినాడనుకొందము. కేసు పడును. కళాశాల పోవును. నౌకరీకి పోలీసు విచారణ వచ్చునప్పుడు ఆ కేసు మరల లేచి కూర్చుండును. గంజాయి వానికి చేయగలిగిన కీడును మించిన కీడు చట్టము చేసినది. శిక్ష దోషముకంటె పెద్దదైనచోట న్యాయము లేదు.

మఱి మధ్యమార్గము కలదా? కలదు. 2001లో పోర్చుగలు స్వల్పపరిమాణము కలిగియుండుటను నేరముల పట్టికనుండి తీసివేసి, పట్టుబడినవానిని కోర్టునకు మాఱుగా వైద్యుడు మొదలగువారు కూర్చున్న సంఘమునకు పంపు పద్ధతి పెట్టెను. అమ్మువాడు మాత్రము నేరస్థుడే. 2024 ఏప్రిలు 1 నుండి జర్మనీలో వయోజనుడు 25 గ్రాముల వఱకు బయట దగ్గఱ నుంచుకొనవచ్చును; ఇంట మూడు మొక్కలు పెంచుకొనవచ్చును. కాని జర్మనీ వీధిలో బహిరంగముగా గంజాయి దుకాణము తెఱువనీయలేదు. జర్మనీ పేరెత్తి మన యొద్ద దుకాణముల నడుగువారు ఈ సంగతిని చదువక వదలిరో, చదివి వదలిరో వారికే తెలియును.

ఈ ప్రశ్న మన చెఱకుసీమలో మఱింత బరువైనది. 1931లో నిజాంసాగరు నిండినది. 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసినది. ఒకనాడు ఆసియాఖండమున పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటియని శక్కర్‌నగరు పేరు పొందినది. 2002లో అది ప్రయివేటు భాగస్వాముల చేతికి పోయినది. 2015 సెప్టెంబరులో మన ఆస్పత్రులు కల్లు రోగులతో నిండినవని పైన చెప్పితిమి. అదే సంవత్సరము డిసెంబరులో ఆ కర్మాగారము గేటు మూతపడినది. మొదటిది రెండవదానికి కారణము కాదు. రెండవది మొదటిదానికి కాదు. కాని రెండును ఒకే మనిషి యింటికి వచ్చినవి. చెఱకు నఱకినవాడు, పసుపు ఉడికించి ఆరబెట్టినవాడు, రోజంతయు బీడీలు చుట్టిన స్త్రీ ఇంటి మగవాడు, సాయంకాలము నడుమునొప్పి మఱచుటకు కొనుకొన్నది నిద్ర. ఆ నిద్రను మందుపొడితో కలిపి అమ్మిరి. పని పోయినవానికి, ధర రానివానికి రేపు గంజాయి దుకాణము కూడ తెఱచి, ఇది నీ స్వేచ్ఛ యని చెప్పుదుమా? పనియును చూపక, వైద్యమును చూపక, మత్తు నొక్కదానిని చూపుట స్వేచ్ఛ నిచ్చుట కాదు, చేతులు దులుపుకొనుట.

కాబట్టి మా కోరికలు స్పష్టముగా నున్నవి. మొదటిది, 1985 నాటి చట్టమును సవరించి, స్వల్పపరిమాణపు గంజాయి త్రాగినందులకు, కలిగియున్నందులకు ఖైదును తీసివేయవలయును. వైద్యునియొద్దకు పంపు దారి నేర్పఱచవలయును. అమ్మకమునకు, ముఖ్యముగా పిల్లలకు అమ్ముటకు, నేడున్న శిక్ష యుండవలయును. రెండవది, గంజాయికి దుకాణము వలదు. నారకును, గింజకును పండించు మత్తులేని జనుము మాట వేఱు. దానికి చట్టములోనే 14వ సెక్షను చోటిచ్చినది, 2018లో ఉత్తరాఖండము అనుమతియు నిచ్చినది. ఆ పేరు చెప్పి చిలుము బేరము చేయరాదు.

మూడవది, కల్లుడిపోల పరీక్ష. నిజామాబాదు, బోధను, బాన్సువాడ, ఆర్మూరు ప్రాంతముల ప్రతి డిపోనుండి ముందు తెలుపక నమూనాలు తీసి పరీక్షింపవలయును. ఆ ఫలితమును దుకాణము ముందు పలకపై తెలుగున వ్రాసి వ్రేలాడదీయవలయును. పొడి దొరికిననాడు సీసా అందించు కూలి కుఱ్ఱవానిని పట్టుకొని ఊరకుండక, ముస్తేదారును, వానికి పొడి పంపిన రసాయనగృహపు యజమానిని బోనులో నిలుపవలయును. మాదకద్రవ్యముల పట్టివేతకు రాష్ట్రమున ‘ఈగల్’ అను ప్రత్యేకదళము కలదు. డేగచూపు కళాశాల వసతిగృహముల మీదనే కాక డిపోల మీదను వ్రాలవలయును.

నాల్గవది, దాడికి ముందు మంచము. నిజామాబాదు ప్రభుత్వ ఆస్పత్రిలోను, బోధను ఆస్పత్రిలోను వ్యసనచికిత్సకు వైద్యుడు, మందు, పడకలు సిద్ధమైన పిమ్మటనే డిపోలపై దండెత్తవలయును. ఐదవది, నిజమైన గీతకార్మికుని రక్షణ. తాటి, ఈతవనములు పెంచి, చెట్టు నుండి పడినవాని కుటుంబమునకు జాప్యము లేక పరిహారమిచ్చి, చెట్టుకల్లును డిపోకల్లునుండి వేఱుపఱచి గుర్తించినచో, కల్తీకి తొలి శత్రువు ఆ గీతకార్మికుడే యగును. వాని వృత్తి పేరు చెప్పుకొని బలిసినవారికి వాని పేరుతో మొఱపెట్టు హక్కు లేదు.

ఇవి చేయుటకు ఎంతకాలము పట్టునని అడుగుదురు. కోరికలలో రెంటికి క్రొత్త చట్టమైనను అక్కఱలేదు. ఉన్న చట్టమును ఉన్నవాడు అమలు జరిపిన చాలును. అది జరిగిననాడు, మన జిల్లాలో వరుసగా కొన్నియేండ్లు ఒక్క సీసాయందైనను పొడి దొరకలేదని పరీక్షాఫలితములు చెప్పిననాడు, గంజాయి లైసెన్సుల ప్రశ్నను మరల విప్పి చర్చింపవచ్చును. అంతవఱకు ఆ ప్రశ్నను సర్కారు అడుగుటకును తగదు, మనము ఒప్పుకొనుటకును తగదు.

చదువరులారా! పఠనాలయమున ఈ పత్రికను మడిచి బల్లపై పెట్టి, గంజాయి మంచిదా చెడ్డదా యని వాదించుకొని ఇండ్లకు పోవుట సులభము. దానికంటె కొంచెము కష్టమైన పని యొకటి కలదు. వోటడుగుటకు మీ వాకిటికి వచ్చువానిని, మీ వార్డు సభ్యుని, మీ శాసనసభ్యుని ఒక్క ప్రశ్న అడుగుడు: “మా వీధి డిపోలోని సీసాను చివరిసారి పరీక్షించినదెప్పుడు? ఫలితమేది?” జవాబు చెప్పలేనివాడు గంజాయిని నిషేధింతునన్నను నమ్మకుడు, అమ్మింతునన్నను నమ్మకుడు. సీసా చిన్నది. దానిలోని అబద్ధము మాత్రము చాల పెద్దది. దానిని పగులగొట్టువఱకు మఱియొక మత్తునకు మన యూళ్లలో లైసెన్సు పలక లేవకుండుగాక!